మా తర్వాత మా అబ్బాయికి: వీలునామా చాలా, ట్రస్టు పెట్టాలా?

చీనీతోట
హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను, ఉండేది అనంతపురం టౌన్లో. ఇద్దరు పిల్లలు. అమ్మాయి పెద్దది, పెళ్ళై బెంగళూరులో ఉంది. అబ్బాయికి 26 ఏళ్ళు, పుట్టుకతోనే మేధో వైకల్యం. తన పనులు తను చేసుకుంటాడు, తోటకు తీసుకుపోతే చెట్లకు నీళ్ళు కడతాడు, ఒక్కసారి చూసిన మనిషిని మర్చిపోడు. డబ్బు సంగతి మాత్రం తెలియదు. చేతిలో ఐదొందల నోటుంటే అడిగినవాళ్ళకు ఇచ్చేస్తాడు. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాడు.

ఆస్తి అంటే, నా జీతంతో కట్టుకున్న ఇల్లు. నార్పల దగ్గర ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట, అందులో మూడెకరాలు మా నాయన వైపు నుంచి వచ్చింది, రెండెకరాలు నేను కొన్నది. రిటైర్మెంటు డబ్బు డిపాజిట్లలో ఉంది.

డాక్యుమెంట్ రైటరును అడిగితే "అంతా కూతురి పేరున వీలునామా రాసి, తమ్ముణ్ణి చూసుకోవాలని ఒక లైను పెడదాం సార్" అన్నాడు. అమ్మాయి మంచితనం మీద నాకు అనుమానం లేదు. ఆమెకే ఏదైనా అయితే? అల్లుడి అప్పులకు ఆ ఆస్తి జప్తు అయితే? ఆ ఒక్క లైను మా వాణ్ణి కాపాడుతుందా? ట్రస్టు పెట్టమని ఒకరు చెప్పారు. మాలాంటి మామూలు కుటుంబాలకు అది కుదిరే పనేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గడియారస్తంభం
ట్రస్టు అంటే అనంతపురంలో ఎవరికైనా ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) గుర్తొస్తుంది, కాదంటే పుట్టపర్తి సాయి ట్రస్టు. ఒక్క ఇంటికి ట్రస్టు ఏంది సార్? కూతురికి రాసేయండి. సొంత అక్క కంటే ఎవరు బాగా చూస్తారు?

నంద్యాల_వకీలు
గడియారస్తంభం గారూ, మీరు చెప్పిన రెండూ ప్రజల కోసం పెట్టిన ధర్మ సంస్థలు. సార్ అడుగుతున్నది ప్రైవేటు ట్రస్టు. దానికి 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఉంది. ఎంత ఆస్తి ఉండాలన్న లెక్క అందులో ఎక్కడా లేదు. ఆస్తి ఇచ్చేవాడు ఒకరు, దాన్ని చూసుకునే ట్రస్టీ ఒకరు, ఎవరి కోసం పెట్టారో ఆ లబ్ధిదారు ఒకరు. ఏ ఆస్తి, ఎందుకోసం అన్నది స్పష్టంగా ఉంటే ట్రస్టు ఏర్పడుతుంది. కాగితాల్లో ఆస్తి ట్రస్టీ పేరున ఉన్నా, అది అనుభవించాల్సింది లబ్ధిదారే. ట్రస్టీ సొంత అప్పులకు దాన్ని జప్తు చేయడానికి ఉండదు. సార్ అడిగిన అల్లుడి అప్పుల ప్రశ్నకు జవాబు అదే.

ఇక ఆ "ఒక్క లైను". ఆస్తి ఒకరికి పూర్తిగా రాసి "చూసుకుంటారని ఆశిస్తున్నాను" అని చేరిస్తే, అది బాధ్యతా లేక కోరికా అని రేపు వాదన లేస్తుంది. చట్టంలోనే దీనికి దగ్గరి ఉదాహరణ ఇచ్చారు. ఒకతను ఇంకొకరికి ఆస్తి రాస్తూ "కుటుంబంలోనే నిలుపుతాడని ఆశిస్తూ" అన్నాడు. ఎవరి కోసమో తేలలేదు కాబట్టి అది ట్రస్టు కాదని చట్టం చెబుతుంది. "ఎక్కువ భాగం ఫలానావాళ్ళకు పంచు" అని రాసినా చెల్లదు, ఎక్కువ అంటే ఎంతో తెలియదు కనుక. మనవాళ్ళు రాసే వీలునామాల్లో సగం ఇట్లాంటి మాటలతోనే ఉంటాయి.

ధర్మవరం_మగ్గం
మా ఇంట్లో జరిగింది చెబుతా. మా పెద్దమ్మకు ఇద్దరు కొడుకులు, చిన్నవాడు మాటలు రానివాడు, బుద్ధి ఎదగనివాడు. ఇల్లు, మగ్గాలు అన్నీ పెద్దవాడి పేరున పెట్టి "నీ తమ్ముడు నీ బాధ్యత" అని చెప్పి కన్నుమూసింది. పెద్దవాడు మాట తప్పలేదు, ప్రాణంలా చూసుకున్నాడు. మూడేళ్ళు తిరక్కముందే బండి ప్రమాదంలో పోయాడు. ఆస్తి భార్యాపిల్లలకు వచ్చింది. ఆ వదినను తప్పు పట్టలేం, ఇద్దరు ఆడపిల్లలతో ఆమె బతుకే కష్టం. చిన్నవాడు ఇప్పుడు కొన్నాళ్ళు మా ఇంట్లో, కొన్నాళ్ళు మేనమామ ఇంట్లో. వాడి పేరున ఒక్క రూపాయి లేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అయినా వాడికి అన్యాయమే జరిగింది. సార్, మీ భయం నిజమైనదే.

కర్నూలు_బురుజు
నేను రెండోవైపు నుంచి మాట్లాడతా. ఈ మధ్య ట్రస్టు అనే మాట ఫ్యాషన్ అయింది. మా పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. ఎవరో చెబితే నేనూ ఆడిటర్ దగ్గరికి పోయా. ట్రస్టుకు వేరే పాన్ కార్డు, వేరే బ్యాంకు ఖాతా, ఏటా లెక్కలు, రిటర్నులు. ఆయనే చెప్పాడు, "మీకు ఇవన్నీ ఎందుకు, శుభ్రంగా వీలునామా రాయండి" అని. రాసేశా. ప్రతి ఒక్కరూ ట్రస్టు వెంట పడాల్సిన పని లేదు.

నంద్యాల_వకీలు
బురుజు గారు చెప్పింది ఆయన విషయంలో నూటికి నూరు పాళ్ళు సరి. తమ ఆస్తి తాము చూసుకోగల పిల్లలుంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. దానికి స్టాంపు డ్యూటీ కూడా లేదు. సార్ అబ్బాయి విషయం అట్లా కాదు. వీలునామా ఆస్తిని చేతికి ఇచ్చి వెళ్ళిపోతుంది. తర్వాత నెలనెలా ఎవరు ఖర్చు పెట్టాలి, ఎవరు సంతకం చేయాలి అన్నది అది చెప్పదు.

గడియారస్తంభం
సరే, కూతురికి రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసి, చూసుకోకపోతే రద్దు అవుతుందని షరతు పెట్టొచ్చు కదా? తల్లిదండ్రుల చట్టం ఉంది. మా వీధిలో ఒక పెద్దాయన ఆర్డీఓ దగ్గరికి పోయి కొడుక్కి ఇచ్చిన ఇల్లు వెనక్కి తెచ్చుకున్నాడు.

నంద్యాల_వకీలు
మీరు చెప్పేది 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం. పోషణ షరతు మీద ఆస్తి ఇచ్చి, వాళ్ళు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. మంచి రక్షణే. కానీ అది ఆస్తి ఇచ్చిన వృద్ధులకు. సార్ భయమంతా తాము పోయిన తర్వాతి రోజుల గురించి. అప్పుడు ఆర్డీఓ దగ్గరికి వెళ్ళి అర్జీ పెట్టేది ఎవరు? ఆ అబ్బాయా?

గడియారస్తంభం
అది ఆలోచించలేదు. ఒప్పుకుంటా.

పెన్నమ్మ
కడప నుంచి. మా పాపకు ఆటిజం, ఇప్పుడు 22. ట్రస్టు కంటే ముందు మీరు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది సార్. బాబుకు లీగల్ గార్డియన్ కాగితం తీసుకున్నారా?

చాలామందికి తెలియదు. 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో వాళ్ళు మేజర్లు. తల్లిదండ్రులమైనా మన సంతకం వాళ్ళ తరఫున చెల్లదు. మా పాప డిపాజిట్ రెన్యువల్‌కు బ్యాంకుకు వెళ్తే "ఆమే సంతకం పెట్టాలి, లేదంటే గార్డియన్ ఆర్డరు తెండి" అన్నారు. పెన్ను పట్టుకోవడం రాని పిల్లను కౌంటరు ముందు కూర్చోబెట్టి వేలిముద్ర అడిగారు. ఆ రోజు నేను పడ్డ బాధ ఇంకో తల్లి పడకూడదు.

నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 అని ఉంది. పేరులో ట్రస్ట్ ఉన్నా మనం మాట్లాడుకుంటున్న ట్రస్టు కాదు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. జిల్లాలో కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. కోర్టుకు పోవాల్సిన పని లేదు. విభిన్న ప్రతిభావంతుల శాఖ ఆఫీసులో అడిగితే దారి చెబుతారు. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, వయసు రుజువు, మీ ఇద్దరి ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఆ చట్టం కిందే నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. థెరపీకి కూడా ఇస్తారు.

చీనీతోట
పెన్నమ్మ గారూ, ఈ గార్డియన్ సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను తండ్రిని, నాకంటే గార్డియన్ ఎవరుంటారు అనుకుంటూ ఉన్నా. మా పక్కింటివాళ్ళ అబ్బాయికీ ఇదే సమస్య, వాళ్ళకూ చెబుతా. గార్డియన్ ఉంటే ట్రస్టు అవసరం లేదా మరి?

పెన్నమ్మ
రెండూ వేరు. గార్డియన్ మనిషిని చూసుకోవడానికి, వాళ్ళ పేరున ఇప్పటికే ఉన్న ఆస్తిని కాపాడడానికి. గార్డియన్ అయినవాళ్ళు ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ప్రతి ఆర్థిక సంవత్సరం అయిపోయాక మూడు నెలల్లో లెక్క చూపాలి. ట్రస్టు మీరు విడిగా పెట్టిన డబ్బుకు. మేము రెండూ చేశాం.

ఆదోని_ఆడిటర్
పన్ను గురించి నేను చెబుతా. ఆదాయపు పన్ను కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి నంబర్లు వదిలేస్తున్నా. సూత్రం మారలేదు.

ట్రస్టు అంటే గరిష్ఠ రేటులో పన్ను పడుతుందని అందరూ భయపెడతారు. అది ఎవరికి ఎంత అన్నది ట్రస్టీ ఇష్టానికి వదిలేసిన ట్రస్టులకు. దీన్ని డిస్క్రిషనరీ అంటాం. అందులోనూ, తన మీద ఆధారపడిన బంధువు కోసమే వీలునామా ద్వారా పెట్టిన ట్రస్టు, ఆయన వీలునామాతో పెట్టింది అదొక్కటే అయితే, మామూలు శ్లాబులే. ఇక లబ్ధిదారు ఒక్కడే, వాటా నూరు శాతం అని స్పష్టంగా ఉంటే ఆదాయాన్ని అబ్బాయి ఆదాయంలాగే లెక్కిస్తారు. సార్ వాళ్ళది ఈ కోవలోకే వస్తుంది. చీనీ కాయల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికి పన్నే లేదు.

బంధువుల మేలు కోసమే పెట్టిన ట్రస్టుకు మీరు డబ్బు ఇస్తే అది తీసుకున్నందుకు పన్ను లేదు. రద్దు చేయడానికి వీల్లేని ట్రస్టుకు భూమి, ఇల్లు బదిలీ చేస్తే మూలధన లాభం పన్ను కూడా లేదు. ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు అట్టిపెట్టుకుంటే మాత్రం ఆ ఆదాయం మీ లెక్కలోనే పడుతుంది.

చీనీతోట
రద్దు చేయడానికి వీల్లేదు అంటేనే టెన్షన్‌గా ఉంది. రేపు నాకో మా ఆవిడకో పెద్ద ఆపరేషన్ వస్తే? అంతా ట్రస్టులో వేసి చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా.

ఆదోని_ఆడిటర్
అంతా వేయమని ఎవరు చెప్పారు సార్? ఇప్పుడు కొంత డిపాజిట్‌తో చిన్నగా మొదలుపెట్టండి. ఇల్లు, మీరు కొన్న రెండెకరాలు, మిగతా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఇద్దరి తర్వాత అవి ఆ ట్రస్టుకు చెందాలని వీలునామాలో రాయండి. లేదంటే ఇప్పుడు ఏమీ పెట్టకుండా, ట్రస్టు షరతులన్నీ వీలునామాలోనే రాయొచ్చు. వీలునామాను బతికున్నన్నాళ్ళు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

నంద్యాల_వకీలు
నా ఓటు మొదటిదానికి. వీలునామాలో ట్రస్టు రాస్తే అది మీరు పోయిన రోజు పుడుతుంది. ఆ ట్రస్టీలు పని చేయగలరో లేదో చూసే అవకాశం మీకు ఉండదు. ఇప్పుడే చిన్నగా పెడితే మీ కళ్ళముందే నడుస్తుంది, బాగా లేకపోతే సరిదిద్దొచ్చు. పైగా కంటికి కనిపించే ట్రస్టుకు ఇంకో లాభం, తర్వాత దానికి మీ మేనత్త, మీ అన్నదమ్ములు కూడా బాబు కోసం ఏదైనా రాయాలనుకుంటే రాయొచ్చు.

ఒక జాగ్రత్త. భూమి, ఇల్లు లాంటి స్థిరాస్తి పెట్టే ట్రస్టు డీడ్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు డ్యూటీ మార్కెట్ విలువ మీద పడుతుంది. డబ్బు మాత్రమే పెడితే ఆ తప్పనిసరి లేదు. అయినా రిజిస్టర్ చేయించండి, బ్యాంకులు అదే అడుగుతాయి.

కళ్యాణదుర్గం_రైతు
మా అన్నకు ఇద్దరు మూగ పిల్లలు. వాళ్ళకు భూమి పెట్టాలనుకుంటున్నాం. కొంత డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం అసైన్ చేసి ఇచ్చింది. ట్రస్టులో వేయొచ్చా? అట్లనే పీఎం కిసాన్ డబ్బులు ఆగుతాయా?

నంద్యాల_వకీలు
రైతన్నా, డీకేటీ భూమి జోలికి పోవద్దు. అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977 లోనే చట్టం వచ్చింది. వారసత్వంగా పిల్లలకు రావడం వేరు, ట్రస్టుకు బదిలీ చేయడం వేరు. ముందు ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూడండి. పీఎం కిసాన్ మార్గదర్శకాల్లో సంస్థల పేరున ఉన్న భూమికి సాయం లేదని ఉంది. పాస్‌బుక్ ట్రస్టు పేరు మీదికి మార్చేముందు అది లెక్కలో పెట్టుకోండి.

ఇంకోటి. మూగ, చెవిటి పిల్లలు తమ వ్యవహారం తాము చూసుకోగలరు. వాళ్ళకు గార్డియనూ ట్రస్టూ ఎందుకు? చదివించి వాళ్ళ పేరునే పెట్టండి.

కళ్యాణదుర్గం_రైతు
పెద్దోడు ఐటీఐ చేస్తున్నాడు, తెలివైనోడు. నిజమే, వాడి పేరునే పెడతాం.

బెంగళూరులో_సీమబిడ్డ
ఈ చర్చ చదివి ఊరుకోలేకపోయాను. సార్, మీ అమ్మాయి స్థానంలో ఉన్నదాన్ని నేను. మాది తాడిపత్రి. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. నాన్న ట్రస్టు పెడుతున్నానని చెప్పినప్పుడు అమ్మ భయపడింది, "కూతురి మీద నమ్మకం లేదనుకుంటుందేమో" అని. నేను మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నా.

ఎందుకంటే తమ్ముడి డబ్బు నా డబ్బులో కలిసి ఉంటే, నేను చేసే ప్రతి ఖర్చూ ఎవరో ఒకరి కంటికి అనుమానంగా కనిపిస్తుంది. నేను కారు కొంటే తమ్ముడి డబ్బుతో కొన్నానంటారు. మా అత్తగారింట్లో ఎవరికైనా అవసరం వస్తే "అంత డబ్బు ఊరికే ఉంది కదా, ఓసారి సర్దు" అంటారు. కాదనాలంటే నేనే చెడ్డదాన్ని కావాలి. ట్రస్టు ఉంటే "అది నా చేతిలో లేదు, ఇద్దరి సంతకం కావాలి" అంటే అక్కడితో అయిపోతుంది. ఇవాళ నేనూ, మా చిన్నాన్న కొడుకూ ట్రస్టీలం. నాన్న పోయి రెండేళ్ళు. ఇంటి అద్దె, డిపాజిట్ వడ్డీ ట్రస్టు ఖాతాలో పడతాయి. మందులు, స్పీచ్ థెరపీ, తోడుండే అమ్మాయి జీతం అందులోంచే. మా మధ్య డబ్బు గురించి ఒక్క మాట రాలేదు.

నాన్న చేసిన ఇంకో పని చెప్పాలి. డీడ్ వెంట విడిగా ఒక నోటు పుస్తకం రాసి పెట్టాడు. వాడికి ఏ మందు పడదు, ఏ డాక్టరు చూస్తున్నాడు, పిడుగుల శబ్దానికి ఎట్లా భయపడతాడు, అప్పుడు ఏ పాట పెడితే ఊరుకుంటాడు, ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ లేకపోతే అలుగుతాడు, ఇట్లాంటివన్నీ. చట్టం అడగని కాగితం అది. నాకు డీడ్ కంటే ఎక్కువ పనికొచ్చింది. మీరూ, మేడమ్ గారూ కూర్చుని అట్లాంటిది ఒకటి రాయండి సార్.

ధర్మవరం_మగ్గం
అక్కా, కన్నీళ్ళొచ్చాయి. ఆ నోటు పుస్తకం సంగతి మా మేనమామకు చెబుతా. మా వాడికీ రాయిస్తాం.

ప్రొద్దుటూరు_కాసు
అంతా బాగుంది. ట్రస్టీయే తినేస్తే? మా ఊళ్ళో బంగారం కొట్టు ఒకరికి అప్పజెప్పి యాత్రకు పోయి వస్తే కొట్టు బోర్డే మారిపోయిన కథలున్నాయి.

నంద్యాల_వకీలు
న్యాయమైన ప్రశ్న. ట్రస్టీ ఆ ఆస్తితో సొంత లాభం చేసుకోకూడదు. లబ్ధిదారు వాటాను తానే కొనాలంటే కోర్టు అనుమతి కావాలి. లెక్కలు అడిగినప్పుడు చూపాలి. నష్టం చేస్తే సొంత జేబులోంచి కట్టాలి. ఒకసారి ఒప్పుకున్నాక ఇష్టం వచ్చినప్పుడు వదిలేసి పోవడానికీ లేదు. చట్టం ఇంతవరకు గట్టిగానే ఉంది. కానీ దొంగతనం జరిగాక కోర్టుకు పోవడం కంటే జరగకుండా డీడ్ రాసుకోవడం మేలు. నా క్లయింట్లకు నేను చెప్పేవి ఇవి.

ఒక్కరే ట్రస్టీ వద్దు. కనీసం ఇద్దరు, ఒకరు అమ్మ వైపు, ఒకరు నాన్న వైపు అయితే మంచిది. డీడ్‌లో వేరేగా రాయకపోతే ట్రస్టీలందరూ కలిసే సంతకం చేయాలి, ఆ నియమాన్ని తీసేయించకండి. అబ్బాయి పోయాక మిగిలిన ఆస్తి ఎవరికి వెళ్తుందో వాళ్ళే ఏకైక ట్రస్టీ కాకూడదు, ఎందుకంటే ఖర్చు తగ్గిస్తే వాళ్ళకే మిగులుతుంది. మనిషి మంచివాడైనా ఆ ఇరకాటంలో పెట్టొద్దు. ట్రస్టీలను తీసేసే అధికారం మూడో మనిషికి, నమ్మకమైన స్నేహితుడికో ఆడిటరుకో ఇవ్వండి. ట్రస్టీకి జీతం చట్టం దానంతట ఇవ్వదు, డీడ్‌లో రాస్తేనే. ఎంతో కొంత రాయండి. ఊరికే పని చేయించుకుంటే పదేళ్ళ తర్వాత ఎవరూ చేయరు.

కర్నూలు_బురుజు
తోట లీజు సంగతి కూడా రాసుకోవాలి. మా ఓర్వకల్లు వైపు సోలార్ వాళ్ళు పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు లీజు అడుగుతున్నారు. ట్రస్టు భూమిని అట్లా ఇవ్వొచ్చా?

నంద్యాల_వకీలు
మంచి పాయింటు. 21 ఏళ్ళు మించిన లీజుకు ట్రస్టీ కోర్టు అనుమతి తీసుకోవాలి. అమ్మకం సంగతి కూడా డీడ్‌లో తేల్చాలి. చీనీ చెట్లు ఎండిపోయి బోరులో నీళ్ళు పడకపోతే అమ్మే అధికారం లేని ట్రస్టీ ఏం చేస్తాడు? ఇల్లు మాత్రం అబ్బాయి బతికున్నన్నాళ్ళు అమ్మకూడదని రాయొచ్చు.

కడప_దర్గావీధి
ముస్లిం కుటుంబాల సంగతి కొంచెం వేరు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మాలో వసీయత్‌తో, అంటే వీలునామాతో, మూడో వంతు వరకే రాయగలం, అదీ వారసుడికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. కాబట్టి నా చెల్లెలి కోసం అబ్బాజాన్ బతికున్నప్పుడే హిబా (దానం) చేశారు, స్వాధీనం కూడా అప్పుడే ఇచ్చేశారు. కుటుంబం కోసం వక్ఫ్ చేయాలనుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి, 2025 సవరణ తర్వాత దాని వల్ల ఆడవాళ్ళ వారసత్వ హక్కు పోవడానికి వీల్లేదు.

చీనీతోట
మా వాటి సంగతి అడుగుతా వకీలు గారూ. ఆ మూడెకరాలు మా తాత భూమి. 1988లో మా నాయన, మేము అన్నదమ్ములం భాగాలు పంచుకున్నప్పుడు నా వంతుకు వచ్చింది. మొత్తం ట్రస్టుకు రాయొచ్చా?

నంద్యాల_వకీలు
మొత్తం రాయలేరు. అది పిత్రార్జితం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. మీ ముగ్గురికీ తలా ఒక వంతు, అంటే సుమారు ఎకరం. మీ ఎకరం మీ ఇష్టం. అబ్బాయి ఎకరం ఇప్పటికే వాడిదే, దాన్ని గార్డియన్ చూసుకోవాలి. అమ్మాయి ఎకరం ఆమె ఇష్టం. తమ్ముడి ట్రస్టుకు ఇవ్వాలనుకుంటే ఆమే రిజిస్టర్డ్ దస్తావేజు రాయాలి, మీరు రాస్తే చెల్లదు.

పెన్షనర్_గుత్తి
నేనూ టీచరుగానే రిటైరయ్యాను. అందరూ భూమి గురించి మాట్లాడుతున్నారు, పెన్షన్ మర్చిపోయారు. మన 1980 పెన్షన్ రూల్స్ ప్రకారం సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తీసుకుని మీరు ఉన్నప్పుడే పెన్షన్ కాగితాల్లో బాబు పేరు, వివరాలు ఎక్కించండి. మీరు, మేడమ్ పోయిన తర్వాత ఎవరో పరుగెత్తడం కంటే ఇది వంద రెట్లు సులువు. డబ్బు గార్డియన్ ద్వారా అందుతుంది, అందుకే పెన్నమ్మ గారు చెప్పిన గార్డియన్ పని ముందు.

ఆదోని_ఆడిటర్
గుత్తి సార్ చెప్పింది బంగారం లాంటి మాట. నామినీ గురించి కూడా. డిపాజిట్లకు నామినీగా అబ్బాయి పేరు రాస్తే, వాడు సంతకం పెట్టినా బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు, డబ్బు ఆగిపోవచ్చు. అమ్మాయి పేరు రాస్తే ఆమెకు డబ్బు అందుతుంది కానీ నామినీ అయినంత మాత్రాన సొంతదారు కారు, వారసులందరి తరఫున తీసుకున్నట్టే. కాబట్టి వీలునామా, నామినీ ఒకదానికొకటి సరిపోవాలి. పీపీఎఫ్, సీనియర్ సిటిజన్ స్కీములు ట్రస్టు పేరున తెరవనివ్వరు. బ్యాంకు డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కుదురుతాయి. ఎందులో పెట్టొచ్చో డీడ్‌లో రాయించండి.

యెమ్మిగనూరు_అమ్మ
మా కొడుక్కి స్కిజోఫ్రెనియా. పెన్నమ్మ గారూ, ఆ కలెక్టరు కమిటీ మాకూ గార్డియన్ ఇస్తుందా?

పెన్నమ్మ
లేదమ్మా. ఆ నాలుగు వైకల్యాల్లో మానసిక జబ్బు లేదు. మీకు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వర్తిస్తుంది. అందులో వైద్యం విషయంలో నామినేటెడ్ ప్రతినిధి ఉంటారు. ఆస్తి వ్యవహారాలకు కోర్టు దారి. కానీ ట్రస్టు మాత్రం మీరూ పెట్టొచ్చు, దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. మందులు వాడుతూ బాగున్న రోజుల్లో అబ్బాయిని కూడా కూర్చోబెట్టి వాడికేం కావాలో అడగండి. వాడి మాటకు విలువ ఇవ్వండి.

యెమ్మిగనూరు_అమ్మ
వాడే "నా పేరున డబ్బు పెట్టొద్దమ్మా, జబ్బు ముదిరితే ఎవరికైనా ఇచ్చేస్తా" అన్నాడు. ఇప్పుడు దారి తెలిసింది.

చీనీతోట
నిన్న రాత్రి అమ్మాయితో మాట్లాడాను, సీమబిడ్డ గారు రాసింది చదివి వినిపించాను. తను ట్రస్టీగా ఉంటానంది, తన వంతు ఎకరం తమ్ముడికే ఇస్తానంది. అబ్బాయి తర్వాత మిగిలేది సగం మనవరాలికి, సగం ఇట్లాంటి పిల్లల్ని చూసుకునే సంస్థకు రాయమంది. రెండో ట్రస్టీగా నాతో పని చేసిన మిత్రుణ్ణి అనుకుంటున్నా. నిజాయితీపరుడు, లెక్కల మాస్టారు, 68 ఏళ్ళు.

బెంగళూరులో_సీమబిడ్డ
మాస్టారు మంచివారే అయ్యుంటారు సార్, కానీ మీ వయసువాళ్ళు వద్దు. బాబుకు 26. వాడికి 60 వచ్చేనాటికి సంతకం పెట్టగలిగే మనిషి కావాలి. మేనల్లుళ్ళలో ముప్పయ్యేళ్ళ లోపు నమ్మకస్తులు ఎవరైనా ఉన్నారేమో చూడండి. మాస్టారును ట్రస్టీలను మార్చే మూడో మనిషిగా పెట్టుకోండి, ఆయన తర్వాత ఎవరో కూడా రాయండి.

నంద్యాల_వకీలు
అదే సరైన పని. వరస ఇట్లా పెట్టుకోండి సార్. ఈ నెలలో గార్డియన్ దరఖాస్తు, పెన్షన్ కాగితాల్లో పేరు. అవి చేతికొచ్చాక మూడెకరాల వాటాలు తేల్చండి. డీడ్ ముసాయిదా తెలుగులోనే రాయించండి, అమ్మాయీ మేనల్లుడూ చదివి ప్రతి వాక్యం అర్థమైందన్నాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్ళండి. వీలునామాకు సాక్షులుగా మీకంటే చిన్నవాళ్ళను పిలవండి, అందులో లాభం పొందేవాళ్ళెవరూ సాక్షి సంతకం పెట్టకూడదు. 1988 భాగపరిష్కారం దస్తావేజు నకలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముందుగా తీసి ఉంచండి, ముసాయిదా రాసేవాళ్ళు మొదట అడిగేవి అవే.